వెరిఫికేషన్ చేయించిన మామయ్య

మా బావమరిది తన పాత క్రోమ్‌బుక్, అదే గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్, నాకు అంటగట్టాడు. ఇందులో అన్నీ బ్రౌజర్లోనే, బరువు లేదు, వైరస్ గొడవా లేదన్నాడు. నెట్ లేకపోతే ఎలా అంటే, క్రూటాన్ అనే స్క్రిప్టుతో లినక్స్ అనే ఇంకో ఓఎస్ ఎక్కించి, అందులో లెక్కలు రాసుకోవడానికి లిబ్రె ఆఫీస్ పెట్టిచ్చాడు. కొత్తింటికి అప్పటికింకా నెట్ రాలేదు కాబట్టి గృహప్రవేశం చదివింపులన్నీ అందులోనే రాసుకున్నాను.

క్రూటాన్ కావాలంటే క్రోమ్‌బుక్ డెవలపర్ మోడ్‌లో, అంటే ఓఎస్ అసలుదేనా అని చూసే తనిఖీ ఆపేసి, ఉండాలి. ఆ మోడ్‌లో ఆన్ చేసినప్పుడల్లా తెల్లటి తెర మీద ఎర్రటి ఆశ్చర్యార్థకం వస్తుంది. 'ఓఎస్ వెరిఫికేషన్ ఆఫ్‌లో ఉంది, ఆన్ చేయడానికి స్పేస్ నొక్కండి' అని ఇంగ్లీషులో అడుగుతుంది. నొక్కకూడదు. కంట్రోల్, డి కలిపి నొక్కాలి. లేదా అర నిమిషం ఊరుకుంటే రెండుసార్లు కీచుమని తనే ముందుకెళ్తుంది. 2011లో ఈ క్రోమ్‌బుక్‌లు వచ్చినప్పుడు 8 సెకన్లలో తెరుచుకుంటాయని ఊదరగొట్టారు, అది వేరే సంగతి. కంట్రోల్, డి సంగతి ఆ తెర మీద ఎక్కడా ఉండదు. కొంప ముంచే మీట పేరు మాత్రం మర్యాదగా రాసి పెట్టారు. ఏ మహానుభావుడి ఆలోచనో!

మా మామగారు ట్రెజరీలో చేసి రిటైరయ్యారు. ఒక్క సంతకం తక్కువైతే బిల్లు వెనక్కి పంపిన చెయ్యి అది. వెరిఫికేషన్ ఆఫ్ అని కనిపిస్తే ఊరుకుంటుందా?

"అల్లుడుగారూ, దీనికి వెరిఫికేషన్ చేయించలేదేంటండీ?" హాల్లోంచి కేక.

నేను గడ్డం గీసుకుంటున్నాను. "మీకు తెలియందేముంది మామయ్యా, చూడండి" అన్నాను. అల్లుడన్నాక అలాగే అంటాడు కదా.

స్పేస్ నొక్కారు. లోపలున్న డేటా పోతుంది, సరేనా అని అది మళ్లీ అడిగింది. ఎంటర్ నొక్కి, "అయిపోయింది" అని కాఫీ అడిగారు.

బావమరిదికి ఫోన్ చేశాను. "ఏమీ పోదు బావా, అంతా క్లౌడ్‌లోనే ఉంటుంది!" నిజమే. లాగిన్ అవగానే బుక్‌మార్కులు వచ్చాయి, వాల్‌పేపర్ వచ్చింది, ఎప్పుడో బట్టతల గురించి వెతికిన చరిత్ర కూడా భద్రంగా వచ్చింది. చదివింపులు మాత్రం రాలేదు. అవి లోపలి డిస్కులో ఉండేవి.

వచ్చే వారం పిన్నిగారి అమ్మాయి పెళ్లి. వాళ్లు మనకి వెయ్యిన్నూటపదహార్లు చదివించారని మా ఆవిడ, ఐదొందలేనని మా అమ్మ. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"దానికంత టెన్షన్ ఎందుకండీ, వెరిఫై చేద్దాం" అని మామగారు అప్పుడే పిన్నిగారికి ఫోన్ కలిపేశారు. స్పీకర్ ఆన్‌లో పెట్టి మరీ.