లాన్సలాట్ కథ రాయించింది ఒక దొరసాని
12వ శతాబ్దపు ఫ్రెంచి కవి క్రెతియన్ ద త్రువా మీద మీరు రాసిన వ్యాసం బాగుంది, కానీ ఆర్థర్ రాజు కొలువులోని వీరుడు లాన్సలాట్‌కీ రాణి గినివియర్‌కీ మధ్య నడిచే ప్రేమకథ ఆ కవి సొంత ఊహ అని రాసేశారు, అక్కడ ఒప్పుకోలేను. ఆయనే కావ్యం మొదట్లో చెప్పుకున్నాడు, కథావస్తువూ అందులోని భావమూ ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు దొరసాని మారీ ఇచ్చింది, నేను చేసింది నా శ్రమ, శ్రద్ధ పెట్టడమే అని. పైగా కావ్యం పూర్తి చేయకుండా వదిలేశాడు, చివరి భాగం ఆయన అనుమతితో గోడ్‌ఫ్రా ద లాన్యీ అనే మరో రచయిత రాశాడు. ఆ కథ క్రెతియన్‌కు నచ్చలేదేమో అని కొందరు పండితుల అనుమానం, నాకూ అలాగే అనిపిస్తుంది.

అసలు బండి సీన్ గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది. రాణిని ఎవరో ఎత్తుకుపోతే లాన్సలాట్ వెతుక్కుంటూ వెళ్తాడు, రాణి జాడ కావాలంటే బండెక్కు అంటాడు బండి తోలే మరుగుజ్జు. అది నేరస్తుల్ని ఊరేగించే బండి, ఎక్కితే పరువు పోతుంది. లాన్సలాట్ సరిగ్గా రెండంటే రెండు అడుగులు వెనకాడి ఎక్కేస్తాడు. తర్వాత నానా తిప్పలు పడి, కత్తి అంచు మీద నడవాల్సిన వంతెన మీద చేతులూ కాళ్ళూ కోసుకుని వెళ్తే రాణి మొహం తిప్పేసుకుంటుంది! బండెక్కినందుకు కోపమేమో అనుకుంటాడు పాపం. కాదు, ఆ రెండడుగులు ఆలోచించినందుకట! 12వ శతాబ్దంలో ఇంత చిలిపిగా రాసినవాడిని మీరు ‘నీతి కవి’ అన్నారు.

ఇంకోటి, ఈ కావ్యం వచనం కాదండీ. మన ద్విపదలా రెండేసి పాదాలు, పాదానికి 8 అక్షరాలు, కాకపోతే ప్రాస చివర్లో. ఆర్థర్ కథల్లో వీరులు వెతికే గ్రెయిల్ అనే పవిత్ర పాత్ర కూడా క్రెతియన్ దగ్గర వెడల్పాటి పళ్ళెమే, దాన్ని ఏసుక్రీస్తు పాత్రగా మలిచింది తర్వాతి కవి రొబేర్ ద బొరోన్.