‘ఒక్క రోజులో ఇంట్లో క్లైంబింగ్ వాల్’: ఈ సలహాలో తప్పులివీ

ఇంట్లోనే క్లైంబింగ్ ప్రాక్టీసు చేసుకోవాలనుకునేవాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ప్లాన్లూ డ్రాయింగులూ అక్కర్లేదు. రెండు ప్లైవుడ్ షీట్లు, కొన్ని హోల్డ్స్ (చేతికీ కాలికీ పట్టుగా బిగించే ముక్కలు), ఖాళీగా ఉన్న ఏదో ఒక గోడ చాలు. వాలు ఎంత ఎక్కువ పెడితే అంత బలం వస్తుంది. ఎత్తు ఎలాగూ తక్కువే కాబట్టి కింద పాత పరుపు వేస్తే సరి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఎక్కొచ్చు." చదివితే ఉత్సాహం వస్తుంది, నిజమే. కానీ దీన్ని నమ్మి కడితే దెబ్బ తగిలేది చీలమండకో, వేళ్లకో, ఇంటి గోడకో. ఇంటింటా ఒక బోర్డు, అంటే ఎక్కేవాళ్ల వైపు ముందుకి వాలిన ఇలాంటి ప్లైవుడ్ గోడ, ఉండాలని కోరుకునేవాణ్ణి నేను. అందుకే ఈ మాటల్ని ఊరికే వదిలెయ్యలేకపోతున్నాను.

"ఏదో ఒక గోడ చాలు" అన్న మాటతోనే తప్పు మొదలవుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుది, ఒక్కటే సుమారు 30 కిలోలుంటుంది. దాని వెనక చెక్క ఫ్రేమ్, ముందు హోల్డ్స్, ఆపైన మనిషి. ఆ మనిషి కదలకుండా వేలాడడు. ఒక హోల్డు నుంచి ఇంకోదానికి ఎగురుతాడు, పట్టు దొరగ్గానే ఊగుతాడు. ఆ కుదుపులో బోర్డు మీద పడే భారం అతని బరువుకంటే చాలా ఎక్కువ. పైగా ముందుకు వాలిన బోర్డు గోడని కిందికి నొక్కి ఊరుకోదు, పై అంచు దగ్గర బిగించిన బోల్టుని బయటికి లాగుతుంది. గుల్ల ఇటుక గోడలోనో, పల్చటి బోర్డు పార్టిషన్‌లోనో వేసిన స్క్రూ ఆ లాగుడుకి ఆగదు. బిగిస్తే కాంక్రీటు బీములోకో స్లాబులోకో సరైన యాంకర్ బోల్టుతో బిగించాలి. చెక్క నిర్మాణమైతే లోపలి దూలాల్లోకే బిగించాలి, వాటి మధ్య ఖాళీలోకి కాదు. ఈ రెండూ కుదరకపోతే ఇంటిని ముట్టుకోని స్టాండు ఫ్రేమ్ కట్టుకోవచ్చు. బోర్డు పై అంచుని రెండు కాళ్లు మోస్తాయి, బరువంతా నేలకి దిగుతుంది. పక్కలకి ఊగకుండా ఏటవాలు బద్దలు వెయ్యడం మాత్రం మర్చిపోకూడదు. అద్దె ఇళ్లలో నేను చెప్పేది ఎప్పుడూ ఇదే పద్ధతి.

ఇక వాలు సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. క్లైంబర్లు వాలుని నిలువు గీత నుంచి కొలుస్తారు. ఎనిమిదడుగుల షీటుని, అంటే 2.44 మీటర్లని, 40 డిగ్రీలు వంచితే దాని నిలువు ఎత్తు 1.87 మీటర్లకి పడిపోతుంది, గదిలోకి 1.57 మీటర్లు పొడుచుకొస్తుంది. అదే 20 డిగ్రీలైతే ఎత్తు 2.29, ముందుకి వచ్చేది 0.83 మాత్రమే. అంటే వాలు ఎంత ఉండాలో తేల్చేది మన ఆశ కాదు, గది. షీటున్నర పొడవు బోర్డుని 40 డిగ్రీల్లో పెట్టి, అడుగున కాళ్లకోసం ఒక అడుగు నిలువు పలక కూడా కావాలంటే సీలింగు 3 మీటర్లు దాటి ఉండాలి. టేపు పట్టుకుని ఇది ముందే చూసుకోకపోతే, కోసేసిన చెక్క గదిలో పట్టదు.

"వాలు పెరిగితే బలం పెరుగుతుంది" అనేవాళ్లు జర్మన్ క్లైంబర్ వోల్ఫ్‌గాంగ్ గులిచ్‌ని ఉదాహరణగా చెబుతారు. 1988లో న్యూరెంబర్గ్‌లోని క్యాంపస్ అనే జిమ్‌లో ఆయన వాలుగా చెక్క బద్దలు బిగించుకుని, కాళ్లు వాడకుండా వేళ్లతోనే ఎగబాకేవాడు. 1991లో యాక్షన్ డైరెక్ట్ అనే చాలా కష్టమైన రూటు (రాతి మీద ఎక్కే దారి) ఎక్కాడు. ఇదంతా నిజం. చెప్పకుండా వదిలేసేది అంతకుముందు సంగతి. 1985లో పంక్స్ ఇన్ ద జిమ్, 1987లో వాల్‌స్ట్రీట్ అనే రూట్లు ఎక్కి ప్రపంచంలో అందరికంటే ముందున్న మనిషి ఆయన. ఆ బద్దలు ఆయన్ని క్లైంబర్‌ని చెయ్యలేదు. అప్పటికే గట్టిపడిన వేళ్లకి ఇంకో మెట్టు అందించాయి. మూన్‌బోర్డు, అంటే అన్నిచోట్లా ఒకే కొలతతో కట్టే ప్రాక్టీసు బోర్డు, 40 డిగ్రీలు కదా అని ఇంకొందరు అడుగుతారు. ఎక్కడున్నవాళ్లైనా ఒకే రూట్లు ఎక్కాలంటే ఒకే కొలత ఉండాలి, అందుకని అక్కడ కోణం నిర్ణయించి పెట్టారు. దానికే 25 డిగ్రీల రకం కూడా ఉంది. కండరం బలపడినంత త్వరగా టెండాన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు), వేళ్లలో వాటిని ఎముకకి అదిమి ఉంచే పుల్లీలు బలపడవు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు 45 డిగ్రీల మీద పెద్ద హోల్డ్స్ పట్టుకుని దూకడం తప్ప ఏమీ చెయ్యలేరు, కాళ్లు వాడటం అసలే నేర్చుకోరు. 20 నుంచి 30 మధ్య పెట్టుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ప్లైవుడ్ మందం గురించి ఆ సలహాలో ఒక్క మాటా లేదు. 12 మిల్లీమీటర్లది వంగుతుంది. 18 మిల్లీమీటర్లది తీసుకోండి, వెనక దూలాలు 40 సెంటీమీటర్లకొకటి ఉండాలి. పార్టికల్ బోర్డు జోలికి వెళ్లొద్దు. బోర్డుకి వేసే రంగులో ఇసుక కలపాలా అని అడుగుతారు, ఇంట్లో అక్కర్లేదు, మోచేతులు గీసుకుపోవడం తప్ప లాభం లేదు.

"సాయంత్రానికి ఎక్కొచ్చు" అన్నవాళ్లు టీ-నట్లు ఎప్పుడూ బిగించలేదనుకుంటాను. టీ-నట్ అంటే షీటు వెనక నుంచి దిగే, పళ్లున్న చిన్న ఇనుప నట్టు. ముందు నుంచి హోల్డు బోల్టు ఇందులోకే వస్తుంది. 20 సెంటీమీటర్లకొకటి చొప్పున వేస్తే ఒక్క షీటుకే 72 రంధ్రాలు. డ్రిల్ ఎక్కేవైపు నుంచే దింపాలి, ఎందుకంటే బిట్టు బయటికొచ్చేవైపు చెక్క చీలికలుగా లేస్తుంది. నట్టుని సుత్తితో కొడితే వంకరగా దిగే ప్రమాదం ఉంది. అవతలి నుంచి వాషర్ వేసిన బోల్టుతో మెల్లగా లాగితే తిన్నగా కూర్చుంటుంది, పళ్లు చెక్కలోకి పూర్తిగా దిగడం కంటికి కనిపిస్తుంది. ఎం10 (10 మిల్లీమీటర్ల) బోల్టు, మూడు బై ఎనిమిది అంగుళాల బోల్టు చూడటానికి దగ్గరగా ఉంటాయి కానీ ఒకదాని నట్టులోకి ఇంకొకటి పోదు. ఏదో ఒకటే ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. షీటు లేపకముందే ఈ పనంతా అయిపోవాలి. గోడకి ఆనించి బిగించేశాక ఒక్క నట్టు పట్టు వదిలి తిరగడం మొదలుపెట్టిందా, దాన్ని పట్టుకోడానికి వెనక చెయ్యి పట్టదు. ఆ ఒక్క నట్టు కోసం షీటంతా ఊడదీయాలి. అందుకే వెనక చెయ్యి పట్టేంత ఖాళీ వదలాలి.

"తక్కువ ఎత్తే కదా, పరుపు చాలు" అన్నది అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట. ఒక మీటరు పడి 5 సెంటీమీటర్లలో ఆగితే, ఆగే క్షణంలో ఒంటి మీద సగటున బరువుకి 21 రెట్ల బలం పడుతుంది. 25 సెంటీమీటర్లలో ఆగితే 5 రెట్లే. పాత పరుపు మెత్తగా ఉంటుంది కాబట్టి మంచిదనిపిస్తుంది, కానీ మీరు పడగానే అది అడుగంటా నలిగిపోయి నేల తగులుతుంది. కాలు పక్కకి వాలిందంటే మెత్తదనమే చీలమండని మెలితిప్పుతుంది. క్లైంబర్లు పడేచోట పరిచే క్రాష్ ప్యాడ్లలో పైన గట్టి ఫోమ్, కింద మెత్తటి ఫోమ్ పెట్టేది ఇందుకే. పైది బరువుని పరుస్తుంది, కిందిది ఆపుతుంది. వాలు బోర్డు మీద పాదాలు జారితే మనిషి నిలువుగా పడడు, వీపు మీదో మోచేతి మీదో పడతాడు. ప్యాడ్ల మధ్య సందు ఉండకూడదు. బోర్డు కిందంతా పరిచి, పై అంచు దాటాక కూడా మీటరున్నర నుంచి రెండు మీటర్లు పరచాలి. ఆ మేర టేబుల్ గానీ కిటికీ అంచు గానీ ఉంటే, ఆ గది ఈ పనికి కుదరదు.

హోల్డ్స్ విషయంలో ఆ సలహాతో నాకు పెద్ద తగాదా లేదు, కొన్నిటితోనే మొదలుపెట్టొచ్చు. చెక్కవైతే చర్మం తక్కువ అరుగుతుంది. తిరిగిపోకుండా ప్రతిదానికీ బోల్టుతో పాటు ఒక చిన్న స్క్రూ వెయ్యండి. మొదటి కొన్ని వారాల్లో చెక్క సర్దుకుంటుంది కాబట్టి ఫ్రేమ్ బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. ఇంట్లో ఎదిగే పిల్లలుంటే వాళ్లకి పెద్ద హోల్డ్స్, తక్కువ వాలు ఇవ్వండి, గులిచ్ వాడినలాంటి క్యాంపస్ బద్దల మీదికి రానివ్వకండి. వాళ్ల వేలి ఎముకల్లో ఎదుగుదల జరిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదు, ఎక్కువ ఒత్తిడికి చిట్లుతుంది. వేలి మధ్య కణుపు దగ్గర నొప్పి ఉందని పిల్లలు చెబితే, ఆ రోజే ఎక్కడం ఆపించి డాక్టరుకి చూపించాలి.