కామెర్లు సరే, ఏ రకమో అడిగేదెవరు?

కళ్లు పచ్చబడితే మన ఊళ్లలో జరిగేవి రెండే: పసరు మందు, బిలిరుబిన్ (రక్తంలో పెరిగి కళ్లను పచ్చబరిచే పదార్థం) పరీక్ష. బిలిరుబిన్ 8 ఉందా 12 ఉందా అన్నది కామెర్లు ఎంత ముదిరాయో చెబుతుంది, ఏ వైరస్ తెచ్చిందో చెప్పదు. రకం తేలనంత కాలం తప్పెవరిదో కూడా తేలదు. హెపటైటిస్ (వైరస్ తెచ్చే కాలేయ వాపు) ఎ, ఇ రకాలైతే తాగేనీళ్లలోనో తిండిలోనో మలం కలిసినట్టు. బి, సి అయితే రక్తం దారి: ఒకరికి వాడిన సూది, పరీక్షించని రక్తం, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు, బి అయితే లైంగికంగానూ. డి ఒంటరిగా రాదు, బి ఉన్నవాళ్లకే సోకుతుంది.

పసరుతో తగ్గింది కదా అంటారు. తగ్గుతుంది. ఎ, ఇ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి, పేరు మాత్రం పసరుకు. నెలలు నిండుతున్న గర్భిణికి ఇ సోకితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. బి, సి చాలామందిలో కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేస్తాయి.

అడగాల్సిన పరీక్షలు నాలుగు: ఎ, ఇలకు ఐజీఎం (ఈమధ్యే సోకిందని చెప్పే యాంటీబాడీ, అంటే వైరస్ మీద ఒళ్లు తయారుచేసే రక్షక ప్రొటీన్), బికి హెచ్‌బీఎస్‌ఏజీ (బి వైరస్ పైపొర ప్రొటీన్), సికి దాని మీది యాంటీబాడీ అయిన యాంటీ హెచ్‌సీవీ. తిప్పలన్నీ ఇక్కడే. ఎకి ఐజీఎం బదులు టోటల్ యాంటీబాడీ చేస్తే చిన్నప్పుడెప్పుడో సోకినా పాజిటివే. హెచ్‌బీఎస్‌ఏజీ ఆరు నెలలు దాటినా పోకపోతే బి దీర్ఘకాలికంగా స్థిరపడినట్టు. యాంటీ హెచ్‌సీవీ నయమైనవాళ్లలోనూ ఉండిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ (వైరస్ ఇంకా రక్తంలో ఉందో లేదో చెప్పే దాని జన్యుపదార్థం) చూడకుండా మందు మొదలెట్టడం దండగ. సోకిన కొత్తలో ఆ యాంటీబాడీ కనబడటానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, కాబట్టి అప్పటి నెగెటివ్‌ను నమ్మి కూర్చోకూడదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద సి మందులు ఉచితం. సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది.

1955-56లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లొచ్చాయి. క్లోరిన్ పెంచినా ఆగలేదు. దాచిన రక్త నమూనాలను దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే అది ఎ కాదని తేలింది, తర్వాత ఇ అని గుర్తించారు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో కామెర్లు బి అని తేలబట్టే వేళ్లు నీళ్ల వైపు కాక, వాడిన సిరంజీలే మళ్లీ పొడిచిన వైద్యుల వైపు తిరిగాయి.

అందుకే ఒకే వార్డులో పదిమందికి ఇ పాజిటివ్ వస్తే ఆ రిపోర్టు రోగి సంచిలో ఆగిపోకూడదు, నీటి సరఫరా ఇంజనీరు బల్ల మీద పడాలి. రోజుకో గంట నీళ్లొదిలే చోట మిగతా సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు. పక్కన పారే మురుగు లీకుల్లోంచి లోపలికి చేరుతుంది. కొళాయికి నేరుగా బిగించిన మోటార్లు దాన్ని ఇంకాస్త లాగుతాయి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉందో లేదో చూడాల్సింది ట్యాంకు దగ్గర కాదు, ఆ లైనులో చివరి ఇంటి కొళాయి దగ్గర.