అక్క ఎక్కే ఘాట్‌కి ఏ టైర్లు?

మా ఆవిడ ఉద్యోగం పాడేరులో, మా ఇల్లు విశాఖ సీతమ్మధారలో. వారానికి రెండుసార్లు పెందుర్తి, సబ్బవరం, చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కుతుంది, మర్నాడు దిగుతుంది. బండి ఏడు సీట్ల ఎస్‌యూవీ, ఖాళీగానే రెండు టన్నుల పైచిలుకు. టైర్లు అరిగిపోయాయి. వానలు పడకముందే నాలుగూ మార్చేద్దాం అనుకుంటుండగా మా బావమరిది మాంట్రియల్ నుంచి సెలవు మీద వచ్చాడు. ఏడేళ్లుగా అక్కడి మంచులో బండి నడుపుతున్నాడు, పైగా మెకానికల్ ఇంజినీరు. భోజనాల దగ్గర మొదలైన వాదం కింద సెల్లార్‌లో బండి పక్కన రాత్రి పదకొండు దాకా నడిచింది. ఇద్దరి మాటలూ వీలైనంతవరకు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ఆ బండిలో తిరిగేది మా ఇంటి మనిషి, అందుకని అక్కడక్కడ నా మాట కూడా చెప్పకుండా ఉండలేను.

తమ్ముడు: అక్కా, నా మాట విని ఆల్ సీజన్ వేయించు. టైర్ పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు గుర్తు ఉంటుంది చూడు, అలాంటివి. మంచు మీద పరీక్షలో నెగ్గితేనే ఆ గుర్తు వేసుకోనిస్తారు. మా క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఆ గుర్తున్న టైర్లు లేకుండా కారు రోడ్డెక్కితే జరిమానా.

అక్క: మంచే పడని ఊళ్లో మంచు గుర్తు ఎందుకురా?

తమ్ముడు: మంచు కోసం కాదు, చలి కోసం. దాదాపు 7 డిగ్రీల కిందకి పోతే సమ్మర్ టైర్ రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. రోడ్డు గరుకులోకి దిగి పట్టుకోవాల్సిన రబ్బరు పైపైన జారిపోతుంది. వింటర్ టైర్‌లో రబ్బరు పాళ్లు మార్చి, సిలికా ఎక్కువ కలిపి, చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. టైర్ మీద ఎత్తుగా ఉండే రబ్బరు ముక్కలు, అదే బటన్లు, వాటి మీద సన్నటి కోతలు బోలెడు ఉంటాయి, అవి మంచుని కరుచుకుంటాయి. ఆల్ సీజన్ ఈ రెండింటికీ మధ్య రకం. డిసెంబర్‌లో మినుములూరు కాఫీ బోర్డు దగ్గర ఐదారు డిగ్రీలు, లంబసింగిలో ఇంకా తక్కువ అని పేపర్లో వచ్చిందంటూ నాకు ఫోన్లో చెప్పింది నువ్వే కదా?

అక్క: నేనే చెప్పాను. అది తెల్లవారుజాము సంగతి. నేను పాడేరు చేరేసరికి తొమ్మిది దాటుతుంది, అప్పటికి ఎండ వచ్చేస్తుంది. ఏడాది మొత్తంలో అంత చలిలో నేను స్టీరింగ్ పట్టుకునేది ఎన్ని ఉదయాలు? పది, మహా అయితే పదిహేను. విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా 17, 18 డిగ్రీలుంటుంది. మే నెల మధ్యాహ్నం తారు వేడి 60కి దగ్గర పడుతుంది. చలికి మెత్తగా ఉండాలని చేసిన రబ్బరు ఆ తారు మీద ఏమవుతుందో నువ్వే చెప్పు.

తమ్ముడు: తొందరగా అరుగుతుంది. అది ఒప్పుకుంటా.

అక్క: అరిగితే డబ్బు పోతుంది, అంతే కదా. బ్రేక్ సంగతి చెప్పు. రెండు టన్నులు వెనక నుంచి తోస్తుంటే ఆ మెత్తటి బటన్లు నిలబడతాయా? ఒరిగిపోతాయి. స్టీరింగ్ తిప్పాక బండి ఒక్క క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. ఘాట్ దిగుతూ మలుపులో ఎదురుగా జీపు వచ్చినప్పుడు ఆ క్షణం నాకు కావాలి.

ఇక్కడ మా ఆవిడదే న్యాయం అనిపించింది నాకు. ఏ వేడికి తగ్గ రబ్బరు ఆ వేడికి ఉండాలన్నదే బావమరిది మొదట చెప్పిన సూత్రం. దాన్ని మాంట్రియల్‌లో పెడితే వింటర్ టైర్ వస్తుంది, విశాఖలో పెడితే వేడికి తట్టుకునే గట్టి రబ్బరు వస్తుంది. కానీ అతను అంత తేలిగ్గా వదల్లేదు. వదలకపోవడమే మంచిదైంది.

తమ్ముడు: వింటర్ టైర్ గురించి నువ్వు చెప్పింది నిజం. ఆల్ సీజన్‌ని కూడా అదే గాటన కట్టేస్తే ఎలా? అమెరికాలో ఆరిజోనా ఎడారి ఉంది, వేసవిలో 45 డిగ్రీలు. అక్కడ పెద్ద ఎస్‌యూవీలు చాలావరకు ఆల్ సీజన్ మీదే తిరుగుతున్నాయి. అవేం కరిగిపోవడం లేదే?

అక్క: అవి నువ్వు చెప్పిన మంచు పువ్వు గుర్తున్నవేనా?

తమ్ముడు: (ఆగి) కాదు. ఎక్కువగా ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉండేవి. ఎం అంటే బురద, ఎస్ అంటే మంచు. ఆ అక్షరాలకి మంచు మీద పరీక్షేమీ అక్కర్లేదు, బటన్ల మధ్య గాళ్ల తీరు చూసుకుని కంపెనీయే వేసుకుంటుంది. అందుకే జర్మనీలో 2024 అక్టోబర్ నుంచి ఆ అక్షరాలు మాత్రమే ఉంటే వింటర్ టైర్ కింద లెక్కలోకి తీసుకోవడం లేదు.

అక్క: అయితే పద కిందకి. నా టైర్ మీద ఏముందో చూద్దాం.

ముగ్గురం సెల్లార్‌లోకి దిగాం. ఫోన్ లైటు వేసి ముందు చక్రం గోడ చదివాడు. 265/60 ఆర్18, 110. దాని పక్కనే ఎం ప్లస్ ఎస్. కొన్నప్పుడు షోరూమ్ నుంచి బండితో వచ్చిన మామూలు హైవే టైర్, అంటే హెచ్/టీ. ఇంతసేపూ అతను వేయించమంటున్నదానికి దగ్గరి రకమే ఆ బండి కింద ఉంది! టైర్ పేరుకీ దాని గుణానికీ మధ్య ఇంత దూరం ఉందని నాకు ఆ రాత్రే తెలిసింది.

అక్క: చూశావా? సమ్మర్, ఆల్ సీజన్ అన్న పేర్లు మనకి తేల్చేదేమీ లేదు. నాకున్న భయం చలి కాదు, వాన. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీలు ఏడాదంతా దుమ్ము, ఆయిల్ కారుస్తూనే ఉంటాయి. మొదటి వాన పడిందంటే అదంతా పైకి తేలి రోడ్డు సబ్బు రాసినట్టవుతుంది. పోయిన అక్టోబర్‌లో సబ్బవరం దగ్గర ఆరు వరుసల రోడ్డు మీద 90లో వెళ్తున్నా. పల్చగా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఉన్నట్టుండి స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది. బండి నా మాట వినడం మానేసింది. ఎంతసేపో తెలీదు, నాకైతే యుగంలా అనిపించింది.

తమ్ముడు: బ్రేక్ కొట్టావా?

అక్క: లేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా. అదే దిగింది. ఇంత బరువు బండి కదా, నీళ్లని తొక్కుకుంటూ పోతుందనుకునేదాన్ని.

తమ్ముడు: అందరూ అలాగే అనుకుంటారు, అక్కా. టైర్ నేలని నొక్కే ఒత్తిడి ఇంచుమించు లోపలి గాలి ఒత్తిడే. బరువు పెరిగితే టైర్ నేలకి ఆనే జాగా పెద్దదవుతుంది తప్ప నొక్కుడు పెద్దగా పెరగదు. 1960లలో నాసా వాళ్లు విమానాల చక్రాల మీద పరీక్షలు చేసి దీనికి ఒక లెక్క కట్టారు. గాళ్లు పని చేయలేనంత నీళ్లుంటే, 33 పీఎస్‌ఐ గాలి ఉన్న టైర్ గంటకి సుమారు 95 కిలోమీటర్ల దగ్గర తేలిపోతుంది. గాలి 25కి పడిపోతే 83 దగ్గరే. బండి రెండు టన్నులా, ఒక టన్నా అన్న తేడా ఆ లెక్కలో లేదు.

అక్క: గాళ్లు పని చేస్తే?

తమ్ముడు: అప్పుడు నీళ్లని పక్కలకి తోసేస్తాయి, నువ్వు ఇంకాస్త వేగంలో కూడా నేల మీదే ఉంటావు. కానీ నీ గాళ్లు ఎక్కడున్నాయి? గాళ్ల అడుగున చిన్న దిమ్మలు కనిపిస్తున్నాయి కదా, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అదే చట్టం పెట్టిన హద్దు. నీ బటన్లు ఇంచుమించు వాటి ఎత్తుకి వచ్చేశాయి. కొత్తలో ఇవే 8 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. నువ్వు వింటర్ టైర్ వద్దని గంట నుంచి వాదిస్తున్నావు, సరే. నున్నటి టైర్లతో పోయిన వానాకాలమంతా ఎలా తిరిగావు?

ఆ మాటకి ఇద్దరం బదులు చెప్పలేకపోయాం. దిమ్మలు తగిలేదాకా నడపొచ్చులే, ఇంకా కొన్ని నెలలు వస్తాయి అని అన్నది నేనే. సబ్బవరం సంగతి నాకు ఆ రాత్రి దాకా తెలీదు. తను చెప్పలేదు.

అక్క: ఇక మీద 3 మిల్లీమీటర్లకి వచ్చాయంటే మార్చేస్తాను. గాళ్ల గురించి నీ మాట తీసుకుంటున్నా.

తమ్ముడు: అయితే ఇంకోటి కూడా తీసుకో. పాడేరు నుంచి వంజంగి వెళ్తావు, ఊళ్లలోకి మట్టి రోడ్ల మీద వెళ్తావు. ఆల్ సీజన్ మాట వదిలేస్తా, ఏ/టీ వేయించు, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్. బటన్లు పెద్దవి, పక్క గోడ గట్టిది. ఘాట్‌లో రాయి తగిలి టైర్ గోడ కోసుకుపోయి రోడ్డు మీద రెండు గంటలు కూర్చున్నానన్నావు కదా?

అక్క: కూర్చున్నా. ఆ మాట నిజమే. కానీ వంద కిలోమీటర్లు తారు, మట్టి రోడ్డు నాలుగు కిలోమీటర్లు. పెద్ద బటన్లంటే మధ్యలో ఖాళీలు పెద్దవి, తారుకి ఆనే రబ్బరు తక్కువ. తడి తారు మీద బ్రేక్ కొడితే బండి ఇంకా ముందుకి పోయి ఆగుతుంది. మోత, డీజిల్ ఖర్చు అటుంచు. మట్టి రోడ్డు మీద 15లో పోతా, ఫోర్ వీల్ వేసుకుంటా.

తమ్ముడు: ఫోర్ వీల్ బండిని కదిలిస్తుంది, ఆపదు. మా దగ్గర మంచు పడ్డ మొదటి రోజు రోడ్డు పక్క గోతుల్లో ఉండేవాటిలో ఫోర్ వీల్ బండ్లు కూడా ఉంటాయి.

అక్క: తెలుసు. అందుకే ఆగే టైర్ కావాలంటున్నా.

తమ్ముడు: గోడ కోసుకుపోతే?

అక్క: స్టెప్నీ ఉంది.

ఏ/టీ గురించి ఇద్దరూ రాజీకి రాలేదు. నా మాట అడిగితే, మారేడుమిల్లి అడవుల్లో రోజూ తిరిగేవాళ్లకి బావమరిది చెప్పింది సరి. మా ఆవిడ దారికి మాత్రం హెచ్/టీయే. తెల్లారితే షాపుకి ఫోన్ చేయాలి కాబట్టి ఏమేం అడగాలో అతనే ఒక్కొక్కటిగా చెప్పాడు.

తమ్ముడు: సైజుతో ఆగకు. చివర్లో ఉన్న 110 బరువు అంకె. ఒక్కో టైర్ 1060 కిలోలు మోయగలదని దానర్థం. చవగ్గా వస్తుందని దానికంటే తక్కువ అంకె అంటగడితే తీసుకోవద్దు, నిండా మనుషులు, సామాను ఎక్కితే ఆ తేడా వేడిగా బయటపడుతుంది. ట్రాక్షన్ అని రాసి పక్కన ఒక అక్షరం ఉంటే చూడు, అది తడి రోడ్డు మీద నేరుగా బ్రేక్ కొట్టి కొలిచింది. డబుల్ ఏ అన్నిటికంటే మంచిది, తర్వాత ఏ. టెంపరేచర్ పక్కన ఏ ఉండాలి, అది వేడికి తట్టుకోవడం. ఈ ఊళ్లో నీకు కావాల్సింది ఈ రెండు అక్షరాలే, మంచు పువ్వు కాదు.

అక్క: (నవ్వి) ఇప్పుడన్నావు.

తమ్ముడు: తయారైన తేదీ కూడా. టైర్ గోడ మీది కోడ్ చివర నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లవీ చదివించుకో. గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూడు. పది డిగ్రీల చల్లదనానికి ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది, నడిపాక వేడెక్కిన టైర్‌లో చూస్తే అది తెలీదు.

అక్క: స్టెప్నీ తేదీ ఎంత?

అతను బండి వెనక్కి వెళ్లి నేల మీద పడుకుని, అడుగున వేలాడుతున్న స్టెప్నీ మీదకి లైటు వేశాడు. దుమ్ము చేత్తో తుడుస్తూ కొంచెం సేపు వెతికాడు.

తమ్ముడు: 3116. 2016లో 31వ వారం. ఒక్కసారి కూడా రోడ్డు మీద తిరిగినట్టు లేదు, గోడ మాత్రం సన్నసన్నగా పగుళ్లు వేసింది. ఘాట్‌లో నువ్వు నమ్ముకున్నది దీన్నా?

మా ఆవిడ కూడా కిందకి వంగి చూసింది. లేచి చేతులు దులుపుకుంది.

అక్క: రేపు ఐదు టైర్లని చెప్పు.