దవడలో కాపురమున్న తిత్తిగారి తరఫున

పర్లాకిమిడిలో పన్ను పోటొస్తే ముందు మెడికల్ షాపు మాత్ర, తర్వాత లవంగం, ఆ తర్వాత పాతపట్నం బావమరిది సలహా. డాక్టరు వంతు వచ్చేలోగా పోటు దానంతటదే తగ్గుతుంది. పోటు తగ్గితే జబ్బు పోయినట్టేనని మన సిద్ధాంతం. దీనివల్ల బాగుపడింది దవడ ఎముకలో నీరు నిండి పెరిగే సంచి, అదే తిత్తి, ఒక్కటే. పాపం, దాని తరఫున మాట్లాడేవాళ్లు లేరు.

పోటు ఆగిందంటే చాలాసార్లు పన్ను లోపలి నరం చచ్చిందన్నమాట. అలా చచ్చిన పన్ను వేరు కొసనే తిత్తి పుడుతుంది. పళ్ల నుంచి పుట్టే తిత్తుల్లో సగానికి పైగా ఈ జాతివే. పన్ను తయారైనప్పుడు మిగిలిపోయిన కణాలు వేరు చుట్టూ ఏళ్ల తరబడి పడుంటాయి. అక్కడ వాపు మొదలైతే లేచి కూర్చుని తిత్తి కడతాయి. ఇన్ని తిత్తులు పుట్టే ఎముక ఒంట్లో మరొకటి లేదు. ఆ మేరకు దవడ మనకు గర్వకారణం.

రెండో స్థానం బయటికి రాని పన్ను చుట్టూ, ఎక్కువగా కింది జ్ఞానదంతం దగ్గర, చేరేదానిది. దాని మర్యాద చూడండి. చీము పట్టేదాకా నొప్పి పెట్టదు. ఎముకను లోపల్నుంచి అరగదీస్తూ పోతుంది, ఒక్కోసారి నొక్కితే గుడ్డు పెంకులా చిటచిటలాడేంతగా. ఈలోగా బుగ్గ నిండుగా కనిపిస్తే మేనత్తలు "అల్లుడు ఒళ్లు చేశాడు" అని మురిసిపోతారు.

ఇంకో రకముంది, తీసేసినా మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కణితి అంది, 2017లో కాదు, తిత్తేనంది. 1936 ఏప్రిల్ 1న ఉన్నచోటే ఉండి మద్రాసు నుంచి ఒడిశాకు మారిపోయిన ఊరివాళ్లం, దాని బాధ మాకు తెలియదా?

తిత్తికున్న పెద్ద గండం ఎక్స్‌రే. వేరే పన్ను కోసం తీసిన ఫిల్ములో ఊరికే పట్టుబడిపోతుంది. వేరు కొసన పుట్టిన తిత్తి చిన్నగా ఉండగానే దొరికితే చాలాసార్లు రూట్ కెనాల్‌తోనే సరిపెడతారు. ఆపరేషన్ చేసి పొరతో సహా తీయించుకునే గౌరవం కావాలంటే కొన్నేళ్లు ఓపిక పట్టాలి. ఆ ఓపిక మన దగ్గర బోలెడుంది. పెళ్లి పట్టుచీరలకు బరంపురం ఎన్నిసార్లయినా వెళ్తాం. అదే ఊళ్లో పళ్ల ఎక్స్‌రే తీయించుకుందామంటే మాత్రం, "ఇప్పుడు నొప్పేం లేదు కదా!"