పడవ కింది రాయి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రాయి గారికి,

మా నల్లగొండ జిల్లాలో మీ పలుకుబడి తెలియనిదెవరికి? కుంటి మంచం కోడు కింద మీరే, పంక్చరైన ట్రాలీ కింద మీరే, ఎత్తుమీద ఆగిన లారీ చక్రం వెనక మీరే. ఇప్పుడు సాగర్‌లో మా బావ ఇంటి ముందు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న తెరచాప పడవ కింద కూడా కొలువుదీరారు. "రెండు రాళ్లు పెట్టన్నా, అదే నిలబడ్తది" అని క్రేన్ డ్రైవర్ అన్నాడట. మీ నియామకానికి అంతకుమించిన ఇంటర్వ్యూ జరగలేదు.

మీ బలాన్ని శంకించడం లేదు. పక్కనే మీ చుట్టాలున్నారు కదా! 1955లో శంకుస్థాపన జరిగిన డ్యామ్‌లో నదికి అడ్డంగా నిలిచిందంతా రాతికట్టడమే. 590 అడుగుల మట్టం దాకా కృష్ణను ఆపుతున్నారు. కాకపోతే వాళ్లను ఎక్కడ పెట్టాలో ఇంజనీర్లు లెక్కగట్టారు. మిమ్మల్ని మా బావ పెట్టాడు.

ఈ పడవ అడుగున కీల్ అని బరువైన లోహపు భాగం ఉంటుంది. ఒడ్డున పెడితే బరువంతా దాని కిందేసిన చెక్క దిమ్మెల మీద పడాలి. పక్కన పెట్టే స్టాండ్లు పడవ ఒరగకుండా పట్టుకోవడానికే. తమరేమో ఫైబర్ పొట్టకు మొన ఆనించి బరువు మోస్తున్నారు. నీళ్లలో ఉన్నప్పుడు ఆ పొట్టకు ఒత్తిడి అంతటా పడుతుంది, మీరు ఒక్కచోటే పొడుస్తున్నారు. మొన్న చూస్తే అరచేయంత సొట్ట. లోపల అల్మారా తలుపు పడటం లేదు. చౌకట్టే పక్కకు గుంజుకుపోయింది. "వానకు చెక్క ఉబ్బింది" అంటాడు బావ. వాన పడి ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియాలి.

స్టాండు మెత్తలు పడవ లోపల అడ్డగోడలున్న చోటే ఆనాలి. ఎదురెదురు స్టాండ్లను గొలుసుతో బిగించాలి. స్టాండ్ల కాళ్ల కింద ప్లైవుడ్ ముక్కలు వేయాలి, ఎందుకంటే అక్కడి నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. తమరు ఇప్పటికే బెత్తెడు దిగారు.

ఇంకో ఘనకార్యం: తాటిపత్రి కప్పి, దాని తాడు మీకే కట్టారు! మే నెల గాలిదుమారానికి తాటిపత్రి లేస్తే ముందు ఊడొచ్చేది మీరే. తెరచాప స్తంభమైనా దించలేదు.

ఆదివారం క్రేన్ మళ్లీ వస్తుంది, దిమ్మెలకు మొద్దులు కోయించాం. దయచేసి తప్పుకుని ట్రాలీ దగ్గరికి వెళ్లండి. ఈలోగా కుడివైపుకు ఇంకో రాయి కావాలని బావ చెలకల్లో తిరుగుతున్నాడు. మీవాళ్లెవరైనా కనబడితే కాస్త దాక్కోమనండి.

ఇట్లు,
ఆ పడవ కిందికి వంగాలంటే భయపడే బావమరిది