పదహారు గంటలు పస్తుంటున్నారు సరే, మిగతా ఎనిమిది గంటల్లో ఏం తింటున్నారు?

నెల్లూరులో చూసినా ఒంగోలులో చూసినా బరువు మాట వస్తే చాలు, "పొద్దన్నే టిఫిన్ మానేశా, 16:8 చేస్తున్నా" అనేవాళ్ళే. మూడు నెలలు పోయాక అడగండి. బరువు అక్కడే ఉంది, గ్యాస్ పట్టుకుంది, జుట్టు రాలుతోంది అంటారు. మన ఒంటికి పడలేదులే అని వదిలేస్తారు. ఒంటిని ఎందుకు అనడం? చేసిన తీరే తప్పు. ఆ తప్పు ఏందో విడమరిచి చెప్పే మనిషి దొరకడు. వీడియోల్లో గడియారం గురించి గంటసేపు చెప్తారు, కంచంలో ఎంత అన్నం పెట్టుకోవాలో ఒక్క ముక్క చెప్పరు. నా కోపమంతా అక్కడే.

తినే వేళను కుదిస్తే ఒంట్లో ఏదో మంత్రం పనిచేస్తుందనుకోవద్దు. వేళ కుదిరిపోతే చాలామందికి ఒక పూట తిండి, రాత్రి టీవీ ముందు నమిలే చిరుతిండి వాటంతటవే ఆగిపోతాయి. రోజు మొత్తం మీద తినేది తగ్గుతుంది కాబట్టి బరువు తగ్గుతుంది, అంతే. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో చైనాలోని గ్వాంగ్‌జౌ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. 139 మంది స్థూలకాయుల్ని రెండు గుంపులు చేసి, రెండింటికీ ఒకే కేలరీల లెక్క ఇచ్చారు: మగవాళ్ళకు 1500 నుంచి 1800, ఆడవాళ్ళకు 1200 నుంచి 1500. ఒక గుంపు మాత్రం పొద్దున 8, సాయంత్రం 4 మధ్యనే తినాలి. ఏడాది తర్వాత వేళ పాటించినవాళ్ళు సగటున 8 కిలోలు, పాటించనివాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. ఆ కాస్త తేడా గణాంకాల లెక్కకు నిలవదని పరిశోధకులే తేల్చారు. అంతకు ముందు 2020లో అమెరికాలో 116 మందితో చేసిన ఇంకోటి వచ్చింది. వేళ పాటించే గుంపుకు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా తినమన్నారు, ఎంత తినాలో మాత్రం చెప్పలేదు. 12 వారాలకు వాళ్ళు సగటున కిలో కూడా తగ్గలేదు. పైగా ఒంటి కొలతలు తీసినవాళ్ళలో పోయిన బరువులో సగానికి మించి కొవ్వు కాదు, కండ తరహా భాగం. మనవాళ్ళు చేస్తున్నది సరిగ్గా ఈ రెండోదే!

పస్తుంటే పెరుగుతుందనే ఆటోఫజీకి, అంటే కణం తనలోని పాత సరుకును తానే కరిగించి వాడుకోవడానికి, నోబెల్ ఇచ్చారు గదా అని ఎవరో ఒకరు అంటారు. ఇచ్చారు, 2016లో యోషినోరి ఒసుమికి. ఆయన పని ముఖ్యంగా ఈస్ట్ కణాల మీద. టిఫిన్ మానేస్తే పొట్ట కరుగుతుందన్నందుకు ఇచ్చిన బహుమతి కాదది.

ఇక అన్నం. రైస్ కుక్కరుతో వచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది. దాంట్లో తలగొట్టి పోస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. వండితే 400 గ్రాములు దాటిన అన్నం, 520 కేలరీలు. పస్తుండి మధ్యాహ్నం 12కి కంచం ముందు కూర్చున్న మనిషి పప్పులోకి ఒకసారి, పులుసులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి పెట్టించుకుంటాడు. తేలిగ్గా కప్పున్నర అవుతుంది. మాపటికి ఇంకో కప్పు. ఒక్క అన్నంతోనే 1300 కేలరీలు! కూర్చుని పనిచేసే ఆడమనిషి బరువు తగ్గాలంటే రోజుకు 1500 దరిదాపుల్లో ఉండాలి. మిగిలిన 200లో పప్పు, కూర, నూనె, పెరుగు, టీ ఎట్లా సర్దుతారు? సర్దలేరు. రెండు వేలు దాటిపోతుంది. పదహారు గంటలు మాడినా బరువు కదలకపోవడానికి చాలామందిలో కారణం ఇదే.

మొలగొలుకులైనా, నెల్లూరు మసూరైనా, ముడిబియ్యమైనా గ్రాముకు కేలరీలు దాదాపు ఒకటే. ముడిబియ్యంలో పీచు ఎక్కువ, కడుపు కాస్త ఆగుతుంది, మంచిదే. దాన్ని చూసి రెట్టింపు తింటే ఏం లాభం? కొర్రలకూ సంగటికీ అదే మాట. పూటకు ఆడవాళ్ళు అర కప్పు బియ్యం, మగవాళ్ళు అర నుంచి ముప్పావు కప్పు. అన్నం ఒకేసారి వడ్డించుకుని దాన్నే మూడు భాగాలు చేసుకోండి, గిన్నె మళ్ళీ వంటింట్లోకి పోవాలి. మొదటి రెండు వారాలు తూకం వేసి చూడండి, తర్వాత కంటికే అలవాటవుతుంది.

నూనె గురించి ఒక మాట. చిన్న స్పూను నూనె 5 గ్రాములు, 45 కేలరీలు. మనిషికి రోజుకు 20 గ్రాములు అనుకుంటే నలుగురున్న ఇంటికి నెలకు రెండున్నర లీటర్లు, కొంచెం పైన. మీ ఇంటికి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. మన నెయ్యి కారం దోశ మీద పెద్ద స్పూనుతో రెండు స్పూన్ల నెయ్యి పడితే నెయ్యి ఒక్కటే 250 కేలరీలు. మానేయమని నేను చెప్పను. ఉపవాసం విడిచేది దాంతో అయితే మాత్రం ఆ రోజు లెక్క అక్కడే చెడుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ప్రొటీన్ సంగతి. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా సముద్రం, ఊరూరా రొయ్యల చెరువులు. 100 గ్రాముల రొయ్యల్లో 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కేలరీలు వందకు లోపే. ఇంత ఉండి వారంలో ఆరు రోజులు పల్చటి పప్పుచారుతో సరిపెడతాం, ఆదివారం ఒక్కరోజు నీచు వండుతాం. తిండి తగ్గించినప్పుడు ప్రొటీన్ కూడా తగ్గిపోతే ఒళ్ళు కండను కరిగిస్తుంది. మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రావడం, మెట్లెక్కితే కాళ్ళు వణకడం చాలావరకు దాంతోనే. చేరాలనుకున్న బరువు కిలోకు ఒక గ్రాము, కుదిరితే 1.2 గ్రాములు తినాలి. 60 కిలోలకు దిగాలంటే రోజుకు 60 నుంచి 70 గ్రాములు. రెండు గుడ్లు 13 గ్రాములు. 150 గ్రాముల చేప 28 దాకా. 50 గ్రాముల పచ్చి కందిపప్పు 11. గ్లాసు పెరుగు 6. కార్తీకంలో, శనివారాల్లో నీచు ముట్టనివాళ్ళకు 30 గ్రాముల మీల్ మేకర్ 15 గ్రాములిస్తుంది, పనీరు 100 గ్రాములు 18. చేపల పులుసులో చేపతో ఏ ఇబ్బందీ లేదు, ఆ పులుసుతో లోపలికి పోయే అన్నంతోనే. పులుసులో ముక్కలు నాలుగు వేసుకుని అన్నం సగం చేయండి.

వేళ ఎప్పుడు పెట్టుకోవాలి? మనవాళ్ళంతా మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 అంటారు. ట్రంకు రోడ్డులో కొట్టు కట్టేసి ఇంటికి పోయేసరికి పదిన్నర అవుతుంది, ఆకలి మీద అప్పుడే ఎక్కువ తింటారు, తిన్నవెంటనే పడుకుంటారు. ఇన్సులిన్ పొద్దుటి పూట బాగా పనిచేస్తుంది, రాత్రికి మందగిస్తుంది. 2018లో ఒక చిన్న పరిశోధన వచ్చింది, షుగరు అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్ళతోనే. మధ్యాహ్నం 3 లోపు తిండి ముగించిన వాళ్ళలో బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. ఎనిమిది మందిని చూసి గట్టిగా చెప్పలేం గానీ, రాత్రి తిండి ముందుకు జరపమనడానికి అది చాలు. నా మాట పొద్దున 9 నుంచి రాత్రి 7. కొట్లో ఉండేవాళ్ళు రాత్రి భోజనం క్యారియర్‌లో తెచ్చుకుని ఏడింటికి అక్కడే తినండి. చెరువుల దగ్గర రాత్రి ఏరేటర్లు (నీళ్ళకు గాలి పట్టించే మరలు) చూసుకునేవాళ్ళు డ్యూటీకి పోయే ముందే పెద్ద భోజనం చేసి, తెల్లవార్లూ తాగే టీలు, బిస్కెట్లు ఆపితే అదే పెద్ద మార్పు.

మొదటి వారం 12 గంటలు చాలు, రాత్రి 8 నుంచి పొద్దున 8. రెండో వారం 13, మూడో వారం 14. అక్కడ ఆగండి. ఆడవాళ్ళు 14 దాటనక్కర్లేదు. 16 అనేది గొప్ప కోసం చేసేది కాదు, 14తో ఆరు వారాలు సరిగ్గా తిన్నా కదలనివాళ్ళకు.

ఉపవాసంలో నీళ్ళు, పాలూ చక్కెరా లేని టీ, కాఫీ తాగొచ్చు. ఉప్పేసిన నిమ్మనీళ్ళు సరే, తేనె వేస్తే ఉపవాసం పోయినట్టే. కొబ్బరినీళ్ళల్లో, సుగంధి షర్బత్తులో చక్కెర ఉంది. రెండు స్పూన్ల చక్కెరేసిన పాలటీ దాదాపు 80 కేలరీలు. అలాంటివి నాలుగు తాగి "నేనేం తినలేదు" అనేవాళ్ళు చాలామంది. కాఫీ ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది, అందుకే వారం ముందునుంచే తగ్గించుకుంటూ రండి. ఖాళీ కడుపున స్ట్రాంగు కాఫీ తాగితే గుండెల్లో మంట. మలబద్ధకం వస్తే ఆకుకూరో కూరగాయో రోజుకు 400 గ్రాములు పడుతోందో లేదో చూసుకోండి.

ఒక రోజు తిండి ఇట్లా ఉంటే చాలు. 9కి రెండు గుడ్లు, రెండు ఇడ్లీలు, అల్లం చట్నీ. ఒకటిన్నరకి అర కప్పు బియ్యం అన్నం, ఒక గరిటె పప్పు, 150 గ్రాముల చేప, కంచంలో సగం కూర, కొంచెం పెరుగు. ఆరున్నరకి రెండు పుల్కాలు, కూర, గుప్పెడు ఉడికించిన శనగలు, మజ్జిగ. నూనె మొత్తం నాలుగు చిన్న స్పూన్లు. ఇది 1500 కేలరీల చుట్టుపక్కల, ప్రొటీన్ 75 గ్రాములకు తగ్గదు. మగవాళ్ళు ఇంకో గుడ్డు, ఇంకొంచెం అన్నం కలుపుకోండి.

మొదటి వారంలో కిలోన్నర తగ్గితే ఊరంతా చెప్పుకోవద్దు. అది ఎక్కువగా నీళ్ళు. ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, ఖర్చయితే, ప్రతి గ్రాముతో మూడు గ్రాముల నీళ్ళు కూడా పోతాయి. ఆదివారం బిర్యానీ తింటే సోమవారానికి కిలో తిరిగొస్తుంది, అదీ నీళ్ళే, దిగులు పడొద్దు. వారానికి అర కిలో నికరంగా తగ్గితే బాగా చేస్తున్నట్టు. పొద్దన్నే బయటికెళ్ళొచ్చాక తూగండి, వారం సగటు చూసుకోండి. నడుము టేపుతో కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే మన దేశపు లెక్కలో ఎక్కువే.

ఈ భాగం మాత్రం దయచేసి దాటేయొద్దు. షుగరుకు గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లామైడ్ మింగేవాళ్ళు, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు డాక్టరు డోసు మార్చకుండా ఒక్క పూట తిండి కూడా మానొద్దు. తిండి లేకున్నా ఆ మాత్ర ఇన్సులిన్ బయటికి తోస్తూనే ఉంటుంది. షుగరు 70 లోపుకు పడిపోతుంది: చెమట, వణుకు, గుండెదడ, తికమక మాటలు. వెంటనే మూడు స్పూన్ల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. షుగరుకే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. షుగరు మరీ ఎక్కువ లేకున్నా రక్తంలో ఆమ్లం పేరుకుపోతుంది, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. మీటరులో నంబరు బాగుందని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఇంత భయం లేదు, అయినా డాక్టరుకు చెప్పే చేయండి. బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) వాడేవాళ్ళు లేవగానే కళ్ళు తిరిగితే ఉపవాసం ఆపేయాలి. కార్తీక సోమవారాల ఒక్కపొద్దుకూ, ఏకాదశికీ ఇవే జాగ్రత్తలు, దేవుడి పేరుతో ఉన్నా మాత్ర పనిచేసే తీరు మారదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిలకాయలు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు అసలు మొదలుపెట్టొద్దు.

మే నెలలో చీమకుర్తి క్వారీల్లో, పొలాల్లో, మేస్త్రీ పనుల్లో ఎండకు ఒళ్ళు వంచేవాళ్ళకు ఉపవాసం చెప్పడం పాపం. వడగాడ్పుల్లో వాళ్ళకు పొద్దుటి చద్దన్నం, మజ్జిగ కావాల్సిందే. బరువు తగ్గాల్సి ఉంటే రాత్రి అన్నం సగం చేసుకుంటే చాలు.

ఇంట్లో మగవాడు ఉపవాసం మొదలుపెడితే ఆడవాళ్ళకు రెండు వంటలు, మూడు వేళలు తగులుకుంటున్నాయి. అందరికీ ఒకే వంట ఉండాలి, మీ కంచంలో కొలత మారాలి. రాత్రి భోజనం ఏడింటికి జరిపితే ఇంటిల్లిపాదీ ఏడింటికే తినండి, వండిన మనిషితో సహా.

పౌడరు డబ్బాలు అంటగట్టే కోచ్‌ల దగ్గరికి పోయి వేలు పోయకండి. అందులో ఉన్న ప్రొటీన్ గుడ్డులో, శనగల్లో దొరుకుతుంది.

కొన్ని వారాలు పోయాక బరువు ఆగుతుంది, చాలామందికి ఆగుతుంది. అప్పుడు గంటలు పెంచకండి, బియ్యం మళ్ళీ తూకం వేయండి. కప్పు కొలత తెలియకుండానే పెరిగి ఉంటుంది. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిహేనేసి చొప్పున మూడు దఫాలు చేయండి, కండ నిలబడుతుంది. అన్నీ కొలిచి తిని, 12 వారాలకు కూడా నడుము సెంటీమీటరు తగ్గకపోతే థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించండి. కీళ్ళనొప్పులకో ఉబ్బసానికో స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆ చీటీ డాక్టరుకు చూపించండి, వాటిని మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.